కెటిల్ మూత మీద కప్పలు

నేను ఆ ఆటకు పాటలు వినడానికి వెళ్ళలేదు. ఒక అతుకును చూడ్డానికి వెళ్ళాను.

మా పని ఇక్కడ అరబ్బు దేశంలో, అమ్ఘరాలో. తుక్కు ఇనుము గుట్టల మధ్య ఒక పెద్ద రేకుల షెడ్డు. అందులో గేట్లు, నీళ్ళ ట్యాంకులు, కార్లకు నీడనిచ్చే ఫ్రేములు చేస్తాం. పద్నాలుగేళ్ళుగా నేనక్కడ వెల్డర్ని. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన కొత్తలో నా చెవులు బాగానే ఉండేవి. గ్రైండర్ పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డాక, ఇప్పుడు నాతో మాట్లాడేవాళ్ళు కొంచెం గొంతు పెంచాలి. గదిలోవాళ్ళకు ఇది బాగా కలిసొచ్చింది, నా ముందే నన్ను తిట్టుకుంటారు. తిట్లు మాత్రం నాకు ఒక్కటీ పొల్లుపోకుండా వినిపిస్తాయి.

ఎండలు తగ్గుముఖం పడుతుండగా మాకు ఒక వింత పని వచ్చింది. టీవీలో పిల్లల బొమ్మల ఆట ఒకటి వస్తుందట. ఎవరో పారేసిన టీ కెటిల్లో ఐదు కప్పలు కాపురం ఉంటాయి. దాన్ని పాటలు, డ్యాన్సులతో స్టేజీ మీద ఆడబోతున్నారు. అందుకు రెండు నిలువుల ఎత్తు కెటిల్ కావాలి. పైన తొడిగే స్పాంజి, రంగుల గుడ్డ వాళ్ళ పని. లోపలి ఇనుప బొక్కలు, అంటే అస్థిపంజరం, మా పని. వెనక మెట్లు, పైన మూత, మూత మీద కప్పలు ఎగరాలి. మా ముదీర్, అంటే మా షెడ్డును నడిపే ఈజిప్టు మేనేజరు, ఆ డ్రాయింగును తిప్పి తిప్పి చూసి, 'కప్పలు ఎగిరినా కదలొద్దు' అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు.

మూత కింద గుండ్రటి ఇనుప రింగు, దాన్ని మోసే నాలుగు కాళ్ళు, ప్రతి కాలికీ ఏటవాలుగా ఒక ఊతకమ్మి. మేం ఏ అతుకునైనా మొదట నాలుగు చుక్కలు కాల్చి నిలబెడతాం. దర్జీ కుట్టేముందు పోగులు వేసుకున్నట్టన్నమాట. కొలతలన్నీ సరిపోయాక చుట్టూ నిండా కాలుస్తాం. చుక్కల మీద ఉన్న అతుకు చూపుకు అతుకులాగే ఉంటుంది. దాని మీద రంగు పడితే చేసినవాడికి తప్ప ఇంకొకడికి తెలియదు.

షెడ్డులో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ, నిజామాబాద్ నుంచి వచ్చిన పెయింటరూ. దసరాకు మేం ఒక పని మానం. ముందురోజు పొద్దుగూకే వేళకు పనిముట్లన్నీ తుడిచి, పోర్టా క్యాబిన్లో ఒక మూలకు వరుసగా పేర్చి, పసుపు కుంకుమ పెడతాం. వెల్డింగ్ మిషన్, గ్రైండర్, సుత్తె, అతని స్ప్రే గన్, అన్నిటికీ. పండగ రోజంతా వాటిని ముట్టుకోం. మా నాన్న నాగలికి పెట్టేవాడు, నేను వెల్డింగ్ హోల్డర్‌కు పెడతాను. జమ్మి ఆకు దొరకదు కాబట్టి రోడ్డు పక్కన దొరికిన ఏ ఆకునో చేతిలో పెట్టుకుని, బంగారమని చెప్పుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటాం. మొదటేడు ముదీర్‌తో మిషన్ ఖరాబైందని అబద్ధం చెప్పాం. రెండో ఏడు కూడా సరిగ్గా ఆ రోజుకే ఖరాబైంది. మూడో ఏడు ఆయనే వచ్చి, 'మీ మిషన్‌కు ఈద్ ఎప్పుడు?' అని అడిగాడు. అప్పటినుంచి ఆ రోజు మాకు సెలవు.

ఆ ఏడు దసరా ముందురోజు, నాలుగో కాలి ఊతకమ్మికి చుక్కలు పెట్టేసరికి పొద్దు వాలింది. నా వెనకే అతుకు అతుక్కీ రంగు కొట్టుకుంటూ వస్తున్న పెయింటర్ అక్కడ ఆగాడు.

"అన్నా, గిది నిండ కాల్చలే గదనే?"

"ఎల్లుండి కాలుస్త. బండి వచ్చేది ఆవలెల్లుండి గద. నువ్వు పూసెయ్, మల్ల గీకి కాల్చుకుంట."

అతను పూసేశాడు. నేను మిషన్ ఆపి, తుడిచి, బొట్టు పెట్టాను. ఇంకో పావుగంట పని చేసి ఉంటే అయిపోయేది. పొద్దుగూకాక పనిముట్టు పట్టకూడదని నాకు పట్టింపు. చేయాల్సింది మిగిల్చి పండగకు కూర్చోకూడదని మాత్రం ఆ వేళ తోచలేదు.

బండి పండగ రోజే వచ్చింది. థియేటర్ వాళ్ళకు తొందరట. మేం పక్క ఊరు జహ్రాలో మా దిక్కువాళ్ళ గదిలో మటన్ తింటున్న సమయంలో, ఇక్కడ షెడ్డులో మిగతావాళ్ళు కెటిల్ బొక్కల్ని బండికి ఎక్కించి పంపేశారు. మర్నాడు పొద్దున నేను హోల్డర్‌కు దండం పెట్టుకుని వచ్చి చూస్తే, కెటిల్ ఉన్న చోట నేల మీద ఎర్ర రంగు మరకలే ఉన్నాయి. ముదీర్ గదిలోకి పరుగెత్తాను.

"కెటిల్ ఏది?"

"ఖలాస్. పోయింది. బాగుందన్నారు," అన్నాడు నవ్వుతూ.

చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన బల్ల మీద నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, దాని రెన్యువల్ కాగితాలున్నాయి. ఆ నెలాఖరుకు గడువు. సంతకం ఆయన చేయాలి. తెరిచిన నోటితో 'షుక్రన్' అని కృతజ్ఞతలు చెప్పి బయటికి వచ్చాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

పది రోజులు నాకు నేనే వకీలునయ్యాను. చుక్కలు నాలుగున్నాయి, గట్టివే. మిగతా మూడు కాళ్ళు నిండా కాల్చినవే. కప్పల వేషం కట్టేవాళ్ళు సన్నగా ఉంటారు.  టీవీలో ఎక్కడ ఏది కూలిందన్నా, గుమ్మడికాయల దొంగలాగా నా భుజాలు నేనే తడుముకునేవాణ్ణి. అంతలో కెటిల్ బాగుందని థియేటర్ వాళ్ళు షెడ్డుకు నాలుగు పాసులు పంపారు. మా దగ్గర పిల్లలున్నవాడు ఎవడూ లేడు. పండగ మర్నాడు బయటి పనికి వెళ్ళిన పెయింటర్ నేను కాల్చాకే కెటిల్ పోయిందనుకుంటున్నాడు, సరదాపడి ఒకటి తీసుకున్నాడు. నేనూ ఒకటి తీసుకున్నాను.

"నీకేం పనే అన్నా గాడ? చిన్నపోరగాండ్ల ఆట గది," అన్నాడు.

"నా కెటిల్ నేను చూసుకుంట," అన్నాను. ఏమైనా సరే ఆ అతుకును కళ్ళతో చూసి రావాలని నిశ్చయించుకున్నాను.

శుక్రవారం, మధ్యాహ్నం ఆట. మీసాలున్నవాళ్ళం ఇద్దరం, చుట్టూ పిల్లలు, వాళ్ళ తల్లులు, వాళ్ళ ఆయాలు. మా ముందు వరుసలో ఒక పాప వెనక్కి తిరిగి, కుర్చీ మీద గడ్డం ఆనించి నా మీసాల్నే చూస్తోంది. ఆకుపచ్చ కప్పటోపీ పెట్టుకుంది. నేను మీసం కదిలిస్తే నవ్వింది. మూడుసార్లు కదిలించాను.

లైట్లు ఆరాయి. తర్వాత వచ్చిన చప్పుడు గురించి ఏం చెప్పను? గ్రైండర్ల మధ్య బతికిన నేనే కుర్చీ పట్టుకున్నాను. స్టేజీకి రెండు పక్కలా నిలువెత్తు స్పీకర్లు. ఒక్కో దెబ్బ గుండెల మీద పడుతోంది, కింద నేల వణుకుతోంది. పెయింటర్ టిష్యూ ఉండలు చుట్టి చెవుల్లో పెట్టుకున్నాడు. పిల్లలు మాత్రం ఇంకా కావాలన్నట్టు ఆ చప్పుడును మించి అరుస్తున్నారు. ఐదు కప్పలు కెటిల్ వెనక నుంచి దూకివచ్చాయి. అన్నిట్లోకి లావుది పొట్ట తిప్పుకుంటూ పాడుతుంటే హాలు హాలంతా దానితోపాటే పొట్ట తిప్పింది. కథేమిటో నాకు తెలియదు. కెటిల్‌ను ఎత్తుకుపోవడానికి ఒక పొడుగు కొంగ వస్తుంది, కప్పలు ఇచ్చేది లేదంటాయి. లేదన్నప్పుడల్లా ఒక పాట.

రెండో పాటలో లావు కప్ప మెట్లెక్కి మూత మీదికి వచ్చి ఎగిరింది. నా చూపు కప్ప మీద లేదు. కుడిచేతి వైపు, వెనక కాలు. కెటిల్ తొడుగుకు అక్కడ కిటికీ కోశారు, అందులోంచి ఎర్ర లైటు వేశారు. ఆ వెలుగులో నా ఊతకమ్మి కనిపిస్తోంది. కప్ప ఎగిరినప్పుడల్లా మూడు కాళ్ళు కదలకుండా నిలబడ్డాయి. నాలుగో కాలి కమ్మి అదిరింది. ఎక్కువ కాదు. చూసినవాడికి స్పీకర్ల అదురే అనిపిస్తుంది. నాకు మాత్రం అది అతుకు అదురని తెలుసు.

పెయింటర్ చెవిలో టిష్యూ లాగి పారేసి చెప్పాను. "కాల్చలేదు తమ్మీ. గా కాలు కాల్చలేదు. బండి పండుగనాడే పోయింది."

అతను నావైపు చూసిన చూపులో తిట్టు కూడా లేదు. "పది దినాలాయె గదనే," అన్నాడంతే.

ఇంటర్వెల్‌కు ముందు లావు కప్ప మైకు పట్టుకుని అరబ్బీలో ఒకటి చెప్పింది. పిల్లలంతా కుర్చీల మీదికెక్కి గంతులేశారు. అది నాకు సగం అర్థమైంది, మిగతా సగం ముందు వరుసలోని పాప చేసిన పని చూసి తెలిసింది. ఆమె టోపీ సర్దుకుని, వేలితో కెటిల్ మూతను చూపిస్తూ వాళ్ళ అమ్మను లాగుతోంది. విరామం తర్వాత పిల్లల్లో ఇరవైమందిని మూత మీదికి ఎక్కించి కప్పలతో కలిపి ఎగిరిస్తారట. శుక్ర, శనివారాల ఆటలకు అది ప్రత్యేకమట.

కుర్చీలోంచి లేచాను. పెయింటర్ నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏం జెప్తవే? నీ ఇఖామా..."

"పోతే పోనీ," అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది, తెలుసు. పడనీ అనుకున్నాను. అంత తేలిగ్గా ఆ మాట అనగలనని, అనేదాకా నాకే తెలియదు.

స్టేజీ పక్క తలుపు దగ్గర గార్డు ఆపాడు. హైదరాబాదు ఉర్దూలో బతిమాలాను, తర్వాత గొంతు పెంచాను. చివరికి చెవికి మైకు తగిలించుకున్న ఒకామె వచ్చింది. లెబనాన్ ఆమె, ఆట మొత్తం నడిపేది ఆమే. చిరాకుగా ఉంది. ఇంటర్వెల్లో కూడా కప్పల పాట మోగుతూనే ఉంది, ఒకరి మాట ఒకరికి అందడం లేదు.

"ఈ కెటిల్ నేను చేసిందే," అని అరిచాను నాకొచ్చిన అరబ్బీలో. "ఒక చోట వెల్డింగ్ మాఫీ ఖలాస్. పూర్తి కాలేదు. తప్పు నాది. పిల్లల్ని ఎక్కించకు."

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. టార్చి తీసుకుని కెటిల్ వెనక్కి నడిచింది, నేనూ వెంట నడిచాను. నాలుగో కాలి మీద వెలుగు వేసింది. పెయింటర్ పనితనం అది, అద్దంలా మెరుస్తోంది.

"బాగానే ఉంది కదా," అంది.

"కళ్ళకు బాగుంటుంది. చెవులతో చూడాలి. పాట ఆపించు."

"పది నిమిషాల్లో మళ్ళీ ఆట మొదలుపెట్టాలి."

"పాట ఆపించు," అన్నాను మళ్ళీ. ఆమె ఆపించేదాకా అక్కణ్ణుంచి కదలదలచుకోలేదు. కెటిల్ మెట్లకు అడ్డంగా కూర్చున్నాను. నలభై ఏళ్ళు దాటినవాణ్ణి, చిన్నపిల్లాడి మొండిపట్టు పట్టాను.

ఆమె మైకులో ఏదో అంది. పాట ఆగింది. తెర అవతల పిల్లల గోల కూడా ఒక్క క్షణం ఆగిపోయింది, ఏం జరిగిందో అని.

సామాన్లు మోసే ఒకతని దగ్గర పానా తీసుకుని మొదటి కాలి అతుకును కొట్టాను. తర్వాత రెండోది. తర్వాత నాలుగోది. నిండా కాలిన అతుకు ఖంగుమంటుంది, పైనుంచి కిందిదాకా ఇనుమంతా పలుకుతుంది. చుక్కల మీద ఉన్నది టప్పుమని అక్కడే చస్తుంది. మా షెడ్డులో ఆ తేడా ఎవడైనా చెప్పగలడు. కానీ నా చెవుల్లో ఇంకా కప్పల పాటే గుయ్యిమంటోంది. ఖంగు లేదు, టప్పు లేదు, అన్నీ ఒకేలా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత దూరం వచ్చి, ఇన్ని కబుర్లు చెప్పి, చూపించాల్సిన సమయానికి నాకే వినపడలేదు.

ఇక చేసేదేం లేక ఆమె మొహం చూస్తూ కొట్టాను. మూడోది కొట్టాను, మొహం అలాగే ఉంది. నాలుగోది కొట్టాను. ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"మళ్ళీ," అంది.

మళ్ళీ కొట్టాను. ఆమె పానా తన చేతిలోకి తీసుకుని తనే రెండూ కొట్టి చూసింది. చుక్కల అంచున రంగు సన్నగా చిట్లి ఉంది. ఆమె గోరు పెట్టి గీకితే పెచ్చు రాలింది. మైకును నోటి దగ్గరికి తెచ్చుకుని, ఈసారి నాకు కూడా వినపడేంత గట్టిగా చెప్పింది. మూత మీదికి ఎవరూ ఎక్కకూడదని, పిల్లలే కాదు, కప్పలు కూడా ఎక్కకూడదని.

రెండో సగం నేను పక్కన తెరల మధ్య నిలబడి చూశాను. కప్పలు నేల మీదే ఎగిరాయి. మూత మీదికి ఎక్కడం లేదని చెప్పగానే పిల్లలు ఏడ్చిన ఏడుపు స్పీకర్లను కూడా మించింది. కప్పటోపీ పాప టోపీని తీసి నేలకేసి కొట్టింది. కొట్టుకో తల్లీ అనుకున్నాను.

ఆట అయ్యాక మెట్ల మీద కూర్చుని ముదీర్‌కు ఫోన్ చేశాను. అంతా చెప్పాను, దాచలేదు.  అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"పది రోజులు," అన్నాడు. "పది రోజులు రోజూ పొద్దున వచ్చి నాకు సలాం చెప్పావు."

చెప్పానని ఒప్పుకున్నాను. 

"మూడు కాళ్ళ మీద కూడా నమ్మకం పోయింది నాకు," అన్నాడాయన. "రేపు పొద్దున మిషన్ తీసుకుని నేనే వస్తాను. యల్లా."

శనివారం పొద్దున కెటిల్‌ను సామాను తలుపులోంచి బయటికి దొర్లించారు. తొడుగు విప్పి, రంగు గీకి, నాలుగో కాలిని చుట్టూ నిండా కాల్చాను. ఎవరూ అడక్కపోయినా మిగతా మూడింటి మీద కూడా ఇంకో వరస కాల్చాను. చల్లారాక కొట్టాను. ఖంగుమంది. రాత్రంతా విశ్రాంతి దొరికిన నా చెవులకు అది శుభ్రంగా వినిపించింది. ముదీర్ కూడా కొట్టి చూశాడు, పెయింటర్ కూడా. లెబనాన్ ఆమె చేతులు కట్టుకుని నిలబడి చూసింది.

"సరే," అంది. "ఇప్పుడు నువ్వెక్కి ఎగురు."

ఎక్కాను. కప్పల వేషాలు కట్టేవాళ్ళు తలకాయలు చంకలో పెట్టుకుని కింద నిలబడ్డారు. ఒకసారి ఎగిరాను. మళ్ళీ ఎగిరాను. పెయింటర్ కూడా ఎక్కి వచ్చాడు, ఇద్దరం చేతులు పట్టుకుని ఎగిరాం. లావు కప్ప వేసే అతను, అతను నిజానికి బక్కపలచన, కింది నుంచి చప్పట్లు కొట్టి పాట అందుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. కాళ్ళ కింద ఇనుము కదులుతుందేమో అని ఒక్కటే ధ్యాస. కదల్లేదు.

దిగి వచ్చి ఆమెను ఒకటి అడిగాను. సాయంత్రం ఆటలో పిల్లలు ఎక్కినప్పుడు మూత కింద, కెటిల్ లోపల నన్ను నిలబడనివ్వమని. ఎందుకని అడిగింది. కూలితే ముందు నా మీదే పడాలని చెప్పాను. ఆమె ముదీర్ వైపు చూసింది. "నిలబడనీ," అన్నాడాయన. నా ఇఖామా రెండేళ్ళకు కొట్టించాల్సింది, ఆ నెల ఒక్క ఏడాదికే కొట్టించాడు. 

సాయంత్రం కెటిల్ లోపల చీకట్లో నిలబడ్డాను. నాలుగో కాలి మీద చెయ్యి వేసుకున్నాను. పక్కన ఏదో కదిలితే చూశాను, పెయింటర్.

"నువ్వెందుకురా? పో."

"పూసింది నేనే గదనే," అన్నాడు. చెవుల్లో టిష్యూ ఉండలు మాత్రం పెట్టుకునే వచ్చాడు.

కాస్త జరిగి అతనికి చోటిచ్చాను. అంతలో పాట మొదలైంది, పిల్లలు మెట్లెక్కడం మొదలైంది. ఒకరు, ఇద్దరు, తర్వాత లెక్క తప్పింది. తలమీద రేకు దడదడలాడింది. ఇరవైమంది పిల్లలు, ఐదు కప్పలు, ఆ స్పీకర్లు. ఏ శబ్దం ఏదో తెలియని ఆ హోరులో నేను చేత్తోనే విన్నాను. ఇనుము గట్టిగా నిలబడింది. పాట అయిపోయింది, పిల్లలు ఒక్కొక్కరే దిగిపోయారు. ఒక్క జత కాళ్ళు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి. తొడుగు సందులోంచి పైకి చూస్తే ఆకుపచ్చ టోపీ కనిపించింది. నిన్నటి పాపే. వాళ్ళ అమ్మను మళ్ళీ లాక్కొచ్చినట్టుంది. కింది నుంచి ఆమెను దిగమంటున్నారు, ఆమె దిగడం లేదు.

"ఇంకోసారి ఎగురు బిడ్డా," అన్నాను తెలుగులో, ఆమెకు వినపడదని తెలిసి కూడా.

ఎగిరింది.